వానలెక్క వ్రాసిన బడిపంతులు

జాన్ డాల్టన్ పేరు ఉన్నత పాఠశాలలో రసాయనశాస్త్రం చదివిన ప్రతివారికి తెలుసు. పదార్థాలన్నీ పరమాణువులతో ఏర్పడినవని, ఒక్కొక్క మూలకపు పరమాణువుకు ఒక్కొక్క నిర్ణీతమైన బరువు ఉన్నదని సిద్ధాంతీకరించిన మహాశయుడుగా పాఠ్యపుస్తకాలు ఆయనను పరిచయం చేస్తాయి. ఆ పరిచయం సత్యమే, కాని సంపూర్ణం కాదు. పరమాణువుల బరువుల లెక్క ఆయనకు ముప్పది ఏడవ ఏట తట్టింది. అంతకు పదహారు సంవత్సరాల ముందునుంచే ఆయన ప్రతిదినం వానను, చలిని, గాలిలోని తేమను కొలిచి పుస్తకంలో వ్రాసుకుంటూ వచ్చినాడు. 1787 మార్చి 24న మొదలైన ఆ దినచర్య 1844 జూలై 26 రాత్రి వరకు, యాభై ఏడు సంవత్సరాలు, సాగింది. అందులోని నమోదులు రెండు లక్షలని లెక్క చెబుతారు. ఆ పనికి ఆయనకు జీతం ఇచ్చినవారు లేరు, చేయుమని ఆజ్ఞాపించినవారూ లేరు. పరమాణు సిద్ధాంతమనే పంట ఆ వానలెక్కల పొలంలోనే పండిందని తెలిసినప్పుడు ఆ జీవితం మనకు మరొక విధంగా కనిపిస్తుంది.

ఇంగ్లండు వాయవ్య భాగంలో కంబర్లాండు అనే సీమ ఉన్నది. అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా వచ్చే తడిగాలులు అక్కడి కొండలకు తగిలి పైకి లేచి చల్లబడి వానలై కురుస్తాయి. ఆ కొండల నడుమ సరస్సులు ఎక్కువ. అక్కడి సీత్వెయిట్ అనే పల్లెలో ఏడాదికి సుమారు 3,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన అనంతపురంలో ఆరేళ్ళు కురిసే వాన అక్కడ ఒక్క ఏడాదిలో కురుస్తుందన్నమాట. శీతకాలం వచ్చిందంటే నేలమీద వాన, నడికొండ మీద మంచు కలిసిన వాన, శిఖరాల మీద మంచు, ఈ మూడూ ఒకే దినాన ఒకే చోటినుంచి కనిపిస్తాయి. చలికంటె తడి ఎక్కువ బాధిస్తుంది. ఆ సీమలో కాకర్మత్ పట్టణం సమీపాన ఈగిల్స్‌ఫీల్డు అనే చిన్న గ్రామంలో 1766 సెప్టెంబరు 6న డాల్టన్ పుట్టినాడు.

తండ్రి జోసెఫ్ చేనేత పనివాడు. కొద్దిపాటి పొలం ఉండేది. ఆ కుటుంబం క్వేకరు మతశాఖకు చెందింది. క్వేకరులు నిరాడంబరులు. రంగుల దుస్తులు తొడగరు, ప్రమాణాలు చేయరు, పురోహితులను అంగీకరించరు. రాజమతాన్ని స్వీకరించనివారు కనుక ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల పట్టాలు ఆ రోజులలో వారికి అందేవి కావు. ఈ లోపాన్ని పూడ్చుకోవడానికే కాబోలు, ఆ శాఖలో స్వయంగా చదువుకొని ప్రకృతిని పరిశీలించే గృహస్థులు చాలమంది ఉండేవారు. అట్టివారిలో ఎలైహు రాబిన్సన్ ఒకడు. ఆయన సంపన్నుడు, వాతావరణ పరికరాలు చేయడంలో నేర్పరి. బాలుడైన డాల్టన్ చురుకుదనం చూచి చేరదీసి గణితం చెప్పినాడు. వాతావరణాన్ని కొలవవచ్చునన్న సంగతి డాల్టన్ మొదట ఆ ఇంటనే చూచినాడు.

పన్నెండేళ్ళ ప్రాయంలో డాల్టన్ తన ఊరిలోనే బడి పెట్టినాడు. శిష్యులలో కొందరు గురువుకంటె పెద్దవారు. కొంతకాలం పొలం పని చేసినాడు. 1781లో కెండాల్ పట్టణంలోని క్వేకరు పాఠశాలలో సహాయోపాధ్యాయుడుగా చేరినాడు. నాలుగేళ్ళ తరువాత అన్న జోనతన్‌తో కలిసి ఆ పాఠశాల నిర్వహణ భారాన్నే వహించినాడు. కెండాల్‌లో ఆయనకు లభించిన గొప్ప భాగ్యం జాన్ గౌ స్నేహం. గౌ పసితనంలోనే మశూచి సోకి చూపు కోల్పోయినవాడు. ఐనా గణితంలో దిట్ట, భాషలలో పండితుడు. మొక్కలను చేతితో తడిమి, వాసన చూచి, ఏది ఏదో చెప్పగలిగేవాడు. డాల్టన్‌కు లాటిన్, గ్రీకు, ఫ్రెంచి భాషలు నేర్పినవాడు ఆయనే. నిత్యం వాతావరణ దినచర్య వ్రాయుమని ప్రోత్సహించినవాడూ ఆయనే. కన్నులు లేని గురువు చూడడం నేర్పగా, రంగులు సరిగా కనిపించని శిష్యుడు ఆకాశాన్ని చూడనారంభించినాడు. శిష్యుని కంటిలోని ఆ లోపం అప్పటికి ఇద్దరికీ తెలియదు.

పరికరాలు కొనే స్తోమత లేదు. బారోమీటర్లు, థర్మామీటర్లు డాల్టన్ తానే తయారు చేసుకున్నాడు, కొన్నిటిని ఇతరులకు అమ్మినాడు. ఆయన వర్షమాపకం చాల సాదా వస్తువు. తగరపు పూత పూసి రంగువేసిన ఇనుపరేకు గరాటు, దాన్ని నిలబెట్టే చట్రం, కింద ఒక సీసా, అంతే. గాలిలోని తేమను కనిపెట్టడానికి ఒక తాడును మేకుకు కట్టి, చిన్న కప్పీమీదుగా వేసి, రెండవ కొనకు బరువు వ్రేలాడదీసినాడు. గాలి చెమ్మగిలితే తాడు బిగిసి పొట్టిదవుతుంది, ఎండితే సాగుతుంది. వానాకాలంలో తడిసిన నులకమంచం ఎందుకు బిగుసుకుంటుందో తెలిసిన మన పల్లెటూరివారికి ఈ యంత్రం వింతగా తోచదు. మన రైతు వానను పదునుతో కొలుస్తాడు, నాగలి దిగినంత మేర నేల తడిసిందా లేదా అని చూస్తాడు. డాల్టన్ సీసాలో కొలిచి అంగుళాలలో వ్రాసినాడు.

కాని ఒక ఊరి వాన ఒక ఊరి సంగతే చెబుతుంది. రెండవ చోట మరొకరు అదే పని చేస్తేనే పోల్చడానికి వీలు. కొండల కావల, దాదాపు ముప్పది మైళ్ళ దూరాన, కెస్విక్ పట్టణంలో పీటర్ క్రాస్త్‌వెయిట్ అనే పెద్దమనిషి ఉండేవాడు. యౌవనంలో తూర్పు సముద్రాలలో నావ నడిపి, తరువాత స్వస్థలానికి తిరిగివచ్చి వింతవస్తువుల ప్రదర్శనశాల పెట్టుకున్నాడు, సరస్సుల పటాలు గీసి అమ్మేవాడు. డాల్టన్ ఆయనకు పరికరాలు సమకూర్చినాడు. ఇద్దరూ చెరొక చోట చూచి వ్రాయడం, ఆ లెక్కలు జతపరచి పోల్చడం మొదలైంది. క్రాస్త్‌వెయిట్ ఇంకొక ఉపాయం కూడ చేసినాడు. కెస్విక్ ఎదుట స్కిడా అనే పర్వతం ఉన్నది. దాని పార్శ్వాన గురుతులు నిర్ణయించుకొని, మేఘం ఏ గురుతు దాకా దిగిందో చూచి మేఘాల ఎత్తు వ్రాసిపెట్టేవాడు. కొండనే కొలబద్దగా వాడుకున్న ఈ లెక్కలను అయిదేళ్ళపాటు సాగించినాడు.

వీరి దీక్షకు తొలి పరీక్ష 1788-89 శీతకాలంలో వచ్చింది. యూరపు ఖండమంతటా ఆ చలి దారుణంగా ఉండింది. లండనులో థేమ్సునది గడ్డకట్టగా ఆ మంచుమీదనే అంగళ్ళు వెలిసి తిరునాళ్ళు జరిగినవి. మధ్య ఇంగ్లండులో 1788 డిసెంబరు నెల సగటు ఉష్ణోగ్రత సున్న సెంటిగ్రేడుకు దిగువకు పడిపోయింది. అట్టి రోజులలో వాతావరణం వ్రాయడం సుఖమైన పని కాదు. తెల్లవారకముందే చలిలోకి వెళ్ళి దీపం వెలుగున థర్మామీటరు చూడాలి. ఆ దీపం వేడి, మనిషి ఊపిరి దానికి తగలకూడదు. గరాటులో పడింది వాన కాక మంచైతే, దాన్ని కరగించి ఆ నీటిని కొలవాలి. ఒక్క పూట బద్ధకిస్తే ఆ పూట లెక్క మరి దొరకదు. నిన్నటి వానను ఈరోజు కొలవగల పరికరం లేదు. ఈ కష్టానికి ఓర్చుకున్నవాడే నిజమైన పరిశీలకుడు. డాల్టన్ ఓర్చుకున్నాడు. అప్పటికి ఆయనకు ఇరువది రెండేళ్ళు.

అయిదేళ్ళ నమోదులతో 1793లో ఆయన తొలి పుస్తకం, వాతావరణ పరిశీలనలు, వ్యాసాలు, వెలువడింది. కెండాల్, కెస్విక్ లెక్కలు అందులో ఉన్నవి. ఉత్తరదిక్కున ఆకాశంలో వెలిగే ధ్రువకాంతిని గురించిన గణనలూ ఉన్నవి. భూమధ్యరేఖవైపు నిత్యం వీచే వ్యాపారపవనాలు భూభ్రమణం వల్ల వంగుతున్నవని అందులో ఆయన వివరించినాడు. అది తన ఆవిష్కరణమేనని తలచినాడు. తీరా పుస్తకం అచ్చవుతున్న తరుణంలో, 1735లోనే జార్జి హాడ్లీ అనే ఆయన ఆ సంగతి చెప్పినట్లు తెలిసింది. డాల్టన్ దాన్ని దాచలేదు. పీఠికలో హాడ్లీకి చెందవలసిన గౌరవం హాడ్లీకి ముట్టజెప్పినాడు. పెద్ద గ్రంథాలయాలకు దూరంగా ఉన్న ఒంటరి పరిశోధకునికి ఇది సహజమైన కష్టం. దాన్ని సత్యంతో ఎదుర్కోవడం ఆయన శీలం.

ఆ సంవత్సరమే ఆయన మాంచెస్టరు చేరి, అక్కడి న్యూ కాలేజీలో గణితం, ప్రకృతిశాస్త్రం బోధించసాగినాడు. మరుసటి ఏడు ఆ నగరపు సాహిత్య తత్త్వ పరిషత్తులో సభ్యుడై, తనకు ఎరుపు, ఆకుపచ్చ వేరువేరుగా కనిపించని విషయాన్ని గురించి వ్యాసం చదివినాడు. రంగుల అంధత్వాన్ని శాస్త్రదృష్టితో వర్ణించిన తొలి వ్యాసాలలో అది ముఖ్యం. ఇంతలో 1795 జనవరి వచ్చింది. గార్డన్ మాన్లీ అనే శాస్త్రజ్ఞుడు ఇరువదవ శతాబ్దంలో పాత దినచర్యలన్నీ వెదకి, 1659 నుండి మధ్య ఇంగ్లండు ఉష్ణోగ్రతల పట్టిక కూర్చినాడు. అందులో మరి ఏ నెలా ఆ జనవరి అంత చల్లగా లేదు. సగటు సున్నకు దిగువ 3.1 సెంటిగ్రేడు డిగ్రీలు. గృహస్థులు, ఉపాధ్యాయులు, మతగురువులు తమ ఇళ్ళలో వ్రాసుకున్న లెక్కలే అట్టి పట్టికకు ఆధారాలు.

మాంచెస్టరులో డాల్టన్ వేసుకున్న ప్రశ్న చాల పాతది. నదులలో ఎడతెగక ప్రవహించే నీరు ఎక్కడినుండి వస్తున్నది? వాన ఒక్కటే అందుకు చాలునా, లేక భూగర్భంలో మరేదైనా మూలం ఉన్నదా? థామస్ హాయిల్ అనే మిత్రునితో కలిసి ఆయన ఒక పెద్ద రేకు పాత్రలో కంకర, ఇసుక, మట్టి నింపి భూమిలో పాతిపెట్టినాడు. అందులో పడిన వానలో ఎంత అడుగునుంచి కారిందో, ఎంత ఆవిరైపోయిందో మూడేళ్ళు లెక్కపెట్టినారు. మాంచెస్టరులో కురిసిన వానలో దాదాపు మూడు పాళ్ళు ఆవిరై, ఒక పాలు మాత్రమే అడుగుకు దిగిందని తేలింది. తరువాత దేశంలోని అనేక స్థలాల వానలెక్కలు సేకరించినాడు. ఇంగ్లండు, వేల్సులలో ఏడాదికి సగటున 31 అంగుళాల వాన, 5 అంగుళాల మంచుబిందువులు పడుతున్నవని, నదులు సముద్రానికి తీసుకొనిపోయేది 13 అంగుళాలకు సమమైన నీరు మాత్రమేనని అంచనా కట్టినాడు. కనుక నదులను నింపడానికి వానే చాలు. 1799లో పరిషత్తులో చదివిన ఈ వ్యాసం జలశాస్త్రంలో చిరస్థాయిగా నిలిచింది. ఊరూరా వర్షమాపకం పెట్టుకున్న ఔత్సాహికులే లేకపోతే, డాల్టన్ అంతటి గణకుడు కూడ ఆ సగటు కట్టలేకపోయేవాడు.

ఇక్కడినుండి ఆయన ఆలోచన నేలను వదలి గాలిని పట్టింది. ఆవిరైన నీరు గాలిలో ఏ రూపంలో ఉంటుంది? ఉప్పు నీటిలో కరిగినట్లు నీరు గాలిలో కరిగి ఉంటుందని ఆనాటి పండితులలో పలువురి మతం. డాల్టన్‌కు అది నచ్చలేదు. ఆయన పరీక్ష ఎంత సులువైనదో చూడండి. సన్నని గాజుపాత్రలో చల్లని ఊటనీరు పోస్తాడు. మన ఇళ్ళలో చన్నీళ్ళ చెంబు వెలుపల చెమర్చినట్లు పాత్ర చెమరుస్తుంది. ఆ నీటిని వంపి, పాత్ర తుడిచి, నీరు కొంచెం వెచ్చబడినాక మళ్ళీ పోస్తాడు. ఏ ఉష్ణోగ్రత వద్ద చెమర్చడం ఆగిపోతుందో చూచి వ్రాసుకుంటాడు. దానివల్ల గాలిలోని ఆవిరి ఎంతో తెలుస్తుంది. ఇటువంటి పరీక్షలు, ప్రయోగశాలలో కొలతలు పదేపదే చేసి ఆయన ఒక నిర్ణయానికి వచ్చినాడు. ఒక చోట నిలువగల నీటి ఆవిరి ఎంతన్నది ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది కాని, అక్కడ గాలి ఉన్నదా లేదా అన్నదాన్ని బట్టి కాదు. గాలితో కలిసి ఉన్నా ఆవిరి తన ఒత్తిడి తాను చూపుతుంది. అట్లే వాయువుల మిశ్రమంలో ప్రతి వాయువూ తక్కినవి లేనట్లే ప్రవర్తిస్తుంది. 1801లో ప్రకటించిన ఈ నియమాన్నే నేడు విద్యార్థులు డాల్టన్ పాక్షికపీడన నియమమని చదువుకుంటున్నారు.

వాయువులు విడివిడి రేణువులే ఐతే, నీరు ఒక వాయువును ఎక్కువగా, మరొకదాన్ని తక్కువగా ఎందుకు పీల్చుకుంటుంది? రేణువుల బరువులలో భేదం వల్ల కావచ్చునని ఆయన ఊహించినాడు. ఐతే ఆ బరువులు తెలియాలి. 1803 సెప్టెంబరు 6, తన ముప్పది ఏడవ జన్మదినాన, ఆయన నోటుపుస్తకంలో పరమాణువుల సాపేక్ష భారాల తొలి పట్టిక కనిపిస్తుంది. కెండాల్ కొండలలో తాటికి బరువు కట్టి చెమ్మను కొలిచిన యువకుడు, పదహారేళ్ళలో పరమాణువును తూచే స్థితికి వచ్చినాడు. దారి మాత్రం ఒక్కటే. వాన, ఆవిరి, వాయువు, అణువు.

ఆ పట్టికలో తప్పులు లేకపోలేదు. నీటిలో ఒక హైడ్రోజన్ పరమాణువు, ఒక ఆక్సిజన్ పరమాణువు మాత్రమే ఉంటాయని ఆయన భావించినాడు. అందువల్ల ఆక్సిజన్ భారం 16 ఉండవలసింది, 1808లో వెలువడిన మహాగ్రంథంలో 7 అని పడింది. వాయువుల ఘనపరిమాణాలను గురించి గే-లుస్సాక్ చెప్పిన నియమాన్ని ఆయన కడదాకా ఒప్పుకోలేదు. తన చేతి కొలతలను తాను నమ్మడం ఆయన బలం. ఇతరుల కొలతలను అంత త్వరగా నమ్మకపోవడం ఆయన బలహీనత.

కీర్తి వచ్చినా జీవితం మారలేదు. 1800లో కాలేజీ విడిచిన తరువాత ఇళ్ళలో పాఠాలు చెప్పి బ్రతికినాడు. వృద్ధాప్యంలో ఆయన వద్ద చదువుకున్నవారిలో జేమ్స్ జూల్ ఒకడు. వివాహం చేసుకోలేదు. మిత్రుడు విలియం జాన్స్ ఇంట జార్జి వీధిలో ఇరువది అయిదేళ్ళకు పైగా బస చేసినాడు. ఉదయం కిటికీ తెరచి థర్మామీటరు చూచే ఆయనను బట్టి ఎదురింటివారు వేళ తెలుసుకునేవారని చెప్పుకుంటారు. గురువారం మధ్యాహ్నం బంతులాట ఒక్కటే విలాసం. వేసవిలో స్వస్థలపు కొండలకు వెళ్ళి, 3,118 అడుగుల హెల్వెల్లిన్ శిఖరం మీదికి బారోమీటరు మోసుకొనిపోయి, పైని చలిని, చెమ్మను కొలిచేవాడు. రాయల్ సొసైటీ పతకం, ఫ్రెంచి విజ్ఞానపరిషత్తు సభ్యత్వం, రాజభృతి, ఆక్స్‌ఫర్డు గౌరవపట్టం, అన్నీ వరుసగా వచ్చినవి. 1834లో రాజదర్శనానికి ఆ పట్టానికి చెందిన ఎర్రని అంగీ తొడుగుకొని వెళ్ళినాడు. ఎరుపు ధరించడం క్వేకరులకు ఆచారవిరుద్ధం. కాని ఆయన కంటికి అది ఎరుపు కానే కాదు.

1837 నుండి పక్షవాతం పీడించింది. మాట తడబడింది, చేతి వ్రాత వణికింది, దినచర్య మాత్రం ఆగలేదు. 1844 జూలై 26 రాత్రి, వణికే చేతితో ఆనాటి లెక్కలు వ్రాసి, కొద్దిపాటి వాన పడిందని గుర్తుపెట్టినాడు. మరునాటి ఉదయం మరణించినాడు. మాంచెస్టరు పురభవనంలో ఉంచిన ఆయన పేటికను నలుబది వేలమంది దర్శించినారు. తన కంటిలోని ద్రవానికి నీలిరంగు ఉన్నదని, అందుకే రంగులు మారి కనిపిస్తున్నవని ఆయన నమ్మి, చనిపోయిన తరువాత కన్నులు పరీక్షించుమని కోరినాడు. వైద్యుడు చూడగా ద్రవంలో రంగేమీ లేదు. ఆ కన్నుల అవశేషాలను భద్రపరచినారు. 1995లో వాటి జన్యుపదార్థాన్ని పరీక్షించి, ఆకుపచ్చను గ్రహించే శక్తి పుట్టుకతోనే లోపించిందని తేల్చినారు. ఆయన ఊహ తప్పైంది. పరీక్షించుమన్న కోరిక మాత్రం నూటయాభై ఏళ్ళ తరువాత ఫలించింది.

ఇక ఒక విషాదం చెప్పవలసి ఉన్నది. 1940 డిసెంబరులో, క్రిస్మసు ముందటి రాత్రులలో, జర్మను విమానాలు మాంచెస్టరు మీద బాంబులు కురిపించినవి. జార్జి వీధిలోని పరిషత్తు భవనం దగ్ధమైంది. డాల్టన్ స్వహస్తంతో వ్రాసిన పత్రాలలో అధికభాగం ఆ మంటలలో కాలిపోయింది. అంచులు మాడిన కొన్ని మాత్రం మిగిలి, ఆ నగరంలోని జాన్ రైలాండ్సు గ్రంథాలయంలో ఉన్నవి. జీవితకాలం వ్రాసిన వ్రాత ఒక రాత్రిలో పోతే ఆ శ్రమకు అర్థమేమిటని మనకు తోచవచ్చు.

2015 డిసెంబరు మొదటివారంలో డెస్మండ్ అని పేరుపెట్టిన తుఫాను డాల్టన్ సీమమీద విరుచుకుపడింది. ఆయన పుట్టిన ఊరికి దగ్గరి కాకర్మత్, ఆయన పాఠాలు చెప్పిన కెండాల్, రెండూ నీట మునిగినవి. కెస్విక్ సమీపంలోని హోనిస్టర్ కనుమలో ఇరువది నాలుగు గంటలలో 341.4 మిల్లీమీటర్ల వాన పడింది. బ్రిటనులో ఒక్కరోజులో అంతటి వాన అంతకుముందు నమోదు కాలేదు. ఆ మాట అనడానికి అధికారం ఎక్కడిది? వెనుకటి తరాలవారు తడిలో, చలిలో నిలబడి వ్రాసిన లెక్కలది. 2020 వసంతంలో, మహమ్మారి వల్ల జనం ఇళ్ళకే పరిమితమైనప్పుడు, రెడింగు విశ్వవిద్యాలయం పిలుపు విని సుమారు 16,000 మంది ఔత్సాహికులు ముందుకు వచ్చినారు. బ్రిటను పాత వానలెక్కల పత్రాలు, అరువది వేలకు పైగా ఉన్నవాటిని, పదహారు రోజులలో ఎత్తివ్రాసినారు. అయిదు మిలియన్లకు పైబడిన ఆ అంకెలలో ఎక్కువ భాగం పేరు తెలియని గృహస్థులు వ్రాసినవే.

డాల్టన్ పుస్తకాలు కాలిపోవచ్చు. పరమాణువు బరువు ఆయన చెప్పినంత కాదని తేలవచ్చు. ఈరోజు పడిన వానను ఈరోజే కొలిచి నిజాయితీగా వ్రాయాలన్న ధర్మాన్ని మాత్రం ఆయన కడపటి రాత్రి వరకు పాటించి చూపినాడు. ఆ ధర్మానికి పట్టం అక్కరలేదు, ధనం అక్కరలేదు. ఒక గరాటు, ఒక సీసా, చలికి వెరవని మనిషి ఉంటే చాలు.